మిర్చి ఎగుమతి ఉద్యోగానికి ఎలాంటి ఇంగ్లీషు కావాలి?

ప్రశ్న: మాది గుంటూరు. మిర్చి యార్డులో ఒక కమీషన్ కొట్టులో గుమస్తాగా చేస్తున్నాను. మా అబ్బాయి బీకాం ఆఖరి సంవత్సరం. పదో తరగతి దాకా తెలుగు మీడియమే. ఎగుమతి కంపెనీలో చేరాలని వాడి కోరిక, కానీ ఇంగ్లీషులో మాట్లాడాలంటే టెన్షన్ పడిపోతాడు. అమెరికన్ యాక్సెంట్ నేర్పే కోర్సుకు నలభై వేలు అడుగుతున్నారు. కట్టమంటారా? చైనా వాళ్ళు బాగా కొంటున్నారు కదా, చైనీస్ నేర్పించడం మేలా?

జవాబు: ఆ నలభై వేలు కట్టకండి.

మన మిర్చి ఎక్కువగా ఎటు పోతుందో మీకు నేను చెప్పాలా? చైనా, బంగ్లాదేశ్, శ్రీలంక, థాయిలాండ్, ఇండోనేషియా. ఫోనులో అటువైపు ఉండే మనిషి కూడా సాధారణంగా మీ వాడిలా ఇంగ్లీషును బళ్ళో నేర్చుకున్నవాడే. రేటెంత, సరుకెంత, ఓడ ఎప్పుడు అన్నది అతనికి తేలిగ్గా అర్థమైతే చాలు. యాసను విమానయాన రంగమే తప్పు పట్టదు. అంతర్జాతీయ మార్గాల్లో పైలట్లకు, కంట్రోలర్లకు ఐకావో (అంతర్జాతీయ పౌర విమానయాన సంస్థ) పెట్టిన ఇంగ్లీషు కొలమానంలో ఆరు స్థాయిలుంటే, అన్నిటికంటే పైనున్న ఆరో స్థాయిలోనూ మాతృభాష యాస ఉండొచ్చు. అది అర్థం కావడానికి అడ్డు రాకూడదు, అంతే.

మనవాళ్ళు నిజంగా ఇబ్బంది పడేది అంకెల దగ్గర. లక్ష, కోటి, క్వింటా మనకు నోటికొచ్చిన లెక్కలు. బ్యాంకాక్‌లో కొనేవాడికి లక్ష అంటే తెలియదు, ‘హండ్రెడ్ థౌజండ్’ అనాలి. పది క్వింటాళ్ళని ఒక మెట్రిక్ టన్నుగా చెప్పాలి. థర్టీన్, థర్టీ ఫోనులో ఒకేలా వినిపిస్తాయి కాబట్టి ‘వన్ త్రీ’, ‘త్రీ జీరో’ అని విడగొట్టి చెప్పడం అలవాటు చేసుకోవాలి. తేదీలో నెలను అంకెతో కాక పేరుతో రాయాలి. 05/04 అంటే మనకు ఏప్రిల్ 5, అమెరికా వాడికి మే 4. ‘డూ ద నీడ్‌ఫుల్’ లాంటి మన ఆఫీసు ఇంగ్లీషునూ పక్కన పెట్టాలి. ఏం చేయాలో సూటిగా రాస్తే సరిపోతుంది.

ఈ ఉద్యోగంలో మాట్లాడటం కంటే చదవడం, రాయడమే ముఖ్యమని నా అభిప్రాయం. ఎల్‌సీ (కాగితాలు సరిగ్గా ఉంటే డబ్బు చెల్లిస్తామని కొనేవాడి బ్యాంకు ఇచ్చే హామీ పత్రం) మీద వ్యాపారం జరిగితే, అందులో అడిగినదానికి మన కాగితాలు సరిపోలకపోతే బ్యాంకు డబ్బు ఆపేయొచ్చు. సరుకు ఎంత మేలైనదైనా సరే. ఎఫ్‌ఓబీ ధర అంటే సరుకు ఓడకెక్కేదాకా ఖర్చు మనది, సీఐఎఫ్ ధర అంటే వాళ్ళ రేవు దాకా ఓడ కిరాయి, బీమా కూడా మనవే. ఈ తేడా తెలియకుండా ధర చెబితే లాభం అక్కడే పోతుంది. ఫోనులో ఏం మాట్లాడుకున్నా, వెంటనే నాలుగు లైన్ల మెయిల్‌తో ఖాయం చేసుకోవాలి.

ప్రాక్టీసుకు మీ యార్డే ఉంది. ఆ రోజు తేజ రకం మిర్చి ఎంత పలికింది, 341 రకం ఎంత, తాలు కాయలు ఎలా పోయాయి అన్నది మీరు తెలుగులో చెప్పండి, వాడు ఇంగ్లీషులో మెయిల్‌గా రాసి పైకి చదవాలి. రెండు నెలలు ఆపకుండా చేయిస్తే టెన్షన్ చాలావరకు తగ్గుతుంది. ఎందుకంటే తెలిసిన సరుకు గురించి మాట్లాడేటప్పుడు మాటల కోసం తడుముకోనక్కర్లేదు. కాయ చూసి రకం చెప్పగలిగిన కుర్రాడికి ఇంటర్వ్యూలో వ్యాకరణం కాస్త తప్పినా పట్టించుకునేవాళ్ళు తక్కువ. గ్రామర్‌కు, బిజినెస్ ఇంగ్లీషుకు కేంద్ర ప్రభుత్వ ఆన్‌లైన్ చదువుల వేదిక స్వయం పోర్టల్‌లో ఐఐటీల వాళ్ళ కోర్సులున్నాయి. చదవడం ఉచితం, సర్టిఫికెట్ కావాలంటేనే పరీక్ష ఫీజు కట్టాలి.

చైనీస్ మంచి ఆలోచనే, కానీ ఇప్పుడే వద్దు. దాని లిపి పట్టుబడటానికే ఏళ్ళు పడుతుంది. ఉద్యోగంలో చేరి, చైనా ఆర్డర్లు చూసే పని తనకే వచ్చాక మొదలుపెడితే ఫీజు కంపెనీయే భరించే అవకాశమూ ఉంటుంది. ఈలోగా హిందీ మాట్లాడటం వస్తే బంగ్లాదేశ్ వ్యాపారులతో ఫోన్లలో పనికొస్తుంది, ఢిల్లీ, ఇండోర్ పార్టీలతో ఎలాగూ తప్పదు. హిందీకి మాత్రం కోర్సు అక్కర్లేదు. సాయంత్రాలు మీ కొట్టుకు వచ్చే ఉత్తరాది కొనుగోలుదార్ల దగ్గర కూర్చోబెట్టండి.