సరస్సు ఒడ్డున వారం రోజులు, అప్పుల్లో నాలుగేళ్లు

ప్రశ్న: నేను, నా భార్య హనుమకొండలో ఒకే ప్రైవేటు పాఠశాలలో టీచర్లం. ఇద్దరికీ కలిపి నెలకు 58,000 చేతికి వస్తుంది. ఇంటి ఖర్చు 41,000. పోయిన సంక్రాంతి సెలవుల్లో ఇద్దరు పిల్లలు, అమ్మతో కలిసి లక్నవరం సరస్సుకు వెళ్లి రెండు రాత్రులు ఉన్నాం. క్రెడిట్ కార్డు మీద 27,000 అయింది. తొమ్మిది నెలలుగా కనీస మొత్తం తప్పకుండా కడుతున్నాను. ఈ మధ్య ఒక మాల్‌లో లక్కీ డ్రా కూపన్ నింపితే హోటల్‌కు పిలిచి, 25 ఏళ్లపాటు ఏటా వారం రోజులు సరస్సుల పక్కన రిసార్టుల్లో ఉండవచ్చంటూ సభ్యత్వం చూపించారు. ధర 4,20,000. ఏటా నిర్వహణ రుసుము 15,000. తగ్గింపు ఆ ఒక్క రోజే అంటే 10,000 టోకెన్ కట్టాను. మిగతా 4,10,000కు నాలుగేళ్ల పర్సనల్ లోన్ 16 శాతానికి ఇస్తామంటున్నారు. బ్యాంకులో 80,000 ఉన్నాయి. ఇది మంచి పెట్టుబడేనా?

సమాధానం: ముందు రద్దు లేఖ రాయండి, తర్వాత ఇది చదవండి. ఒప్పందంలో రద్దు గడువు ఎక్కడో చిన్న అక్షరాల్లో ఉంటుంది. అది దాటకముందే ఈమెయిల్ పంపి, అదే లేఖను స్పీడ్ పోస్టులో కూడా పంపండి. ఫోనులో చెబితే చెల్లదు. డబ్బు తిరిగి ఇవ్వడానికి సతాయిస్తే వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫిర్యాదు చేయండి.

ఇలాంటి ఉత్తరాలు నాకు నెలకు రెండు మూడు వస్తాయి. అందరిదీ ఒకటే పొరపాటు. ఒక్క విహారం బాగుంటే, దాన్ని పాతికేళ్లకు కొనేద్దామనుకుంటారు. ఆ రుణానికి నెల వాయిదా సుమారు 11,620. నాలుగేళ్లలో వడ్డీయే 1,47,000 దాటుతుంది. ఏడాది వాయిదాల డబ్బుతో మీరు పోయినసారి వెళ్లినట్టే ఐదుసార్లు వెళ్లి రావచ్చు! పైగా సభ్యత్వంలో వచ్చేది గది మాత్రమే. భోజనం, ప్రయాణం, పడవ టికెట్లు మళ్లీ మీ జేబులోంచే. టీచర్లకు సెలవులు దొరికేది దసరా, సంక్రాంతి, వేసవికే. ఊరంతా గదుల కోసం ఎగబడేదీ అప్పుడే. మీకు చెప్పిన ధర ఏ సీజన్‌దో అడిగారా? మీరు జతచేసిన రిసార్టుల జాబితా కూడా చూశాను. అందులో లక్నవరమే లేదు. పిల్లలు మళ్లీ చూడాలంటున్నది ఆ వేలాడే వంతెననే కదా.

ఇక కార్డు సంగతి. చాలా కార్డుల్లాగే మీదీ నెలకు 3.5 శాతం వడ్డీ, దానిపై 18 శాతం జీఎస్టీ, కనీస చెల్లింపు 5 శాతం అనుకుందాం. తొమ్మిది నెలల్లో మీరు దాదాపు 12,000 కట్టి ఉంటారు. బాకీ ఇంకా 24,500 దాకా ఉంటుంది. అంటే తగ్గింది 2,500. ‘తప్పకుండా కడుతున్నాను’ అని గర్వంగా రాశారు చూడండి, బ్యాంకుకు మీకంటే మంచి ఖాతాదారు దొరకరు. ఆ 80,000లోంచి తీసి ఈ వారమే బాకీ మొత్తం కట్టేయండి. 55,500 మిగులుతుంది.

నన్ను నిజంగా భయపెట్టింది ఆ మిగిలేదే. అది ఒకటిన్నర నెల ఖర్చుకు కూడా చాలదు. అదీగాక మీ ఇంట్లో రెండు జీతాలున్నాయనుకుంటున్నారు గానీ, రెండూ వచ్చేది ఒకే బడి నుంచి. ఆ బడి తలుపు మూస్తే రెండూ ఒకేరోజు ఆగుతాయి. 2020లో ఏం జరిగిందో ప్రైవేటు టీచర్లకు నేను చెప్పాలా? 2021 ఏప్రిల్‌లో ప్రభుత్వం ఒక్కొక్కరికి నెలకు 2,000 రూపాయలు, 25 కిలోల బియ్యం ప్రకటించింది. ఆ బియ్యం మీ ఇంట్లోనూ వండే ఉంటారు. అప్పుడు నెత్తిన 11,620 వాయిదా ఉండి ఉంటే?

మీకు కావలసింది కనీసం ఆరు నెలల ఖర్చు, అంటే 2,46,000. కార్డు బాకీ తీరాక నెలకు మిగిలే 17,000లో 12,000 దీనికే. చేతిలో మిగిలే 55,500 కలుపుకుంటే పదహారు నెలల్లో చేరుకుంటారు. జీతం పడే ఖాతాలో ఉంచకండి, కనబడితే ఖర్చయిపోతుంది. వేరే బ్యాంకులో డిపాజిట్ చేయండి. లిక్విడ్ ఫండ్ (డబ్బు త్వరగా వెనక్కి తీసుకోగల మ్యూచువల్ ఫండ్) అయినా ఫరవాలేదు. షేర్లు, చిట్టీలు, ప్లాట్లు ఆ తర్వాతే. బంగారం తాకట్టు పెడితే వడ్డీ తక్కువే కదా అని ఉత్తరం చివర రాశారు. విహారానికి పుస్తె తాకట్టు పెట్టే ఆలోచనకు నా దగ్గర మర్యాదైన జవాబు లేదు.

విహారం మానమనడం లేదు. నెలకు 2,000 ఒక రికరింగ్ డిపాజిట్‌లో వేయండి, ఏడాదికి 24,000. ఈ సంక్రాంతికి మాత్రం గది వద్దు. హనుమకొండ నుంచి లక్నవరం సుమారు 75 కిలోమీటర్లే. పొద్దున్నే పులిహోర, సకినాలు కట్టుకుని బయల్దేరితే వంతెన, పడవ, దారిలో రామప్ప గుడి కూడా చూసి రాత్రికి ఇల్లు చేరవచ్చు. గదిలో రాత్రి గడపడం పై ఏడాదికి, డిపాజిట్ చేతికొచ్చాక.

మిగిలిన 3,000 ఆరోగ్య బీమాకు. బడిలో బీమా ఉందో లేదో మీరు రాయలేదు. ఉన్నా అది ఉద్యోగంతోనే పోతుంది. మీ నలుగురికీ ఒక పాలసీ తీసుకోండి, అమ్మకు విడిగా చూడండి. ఆమెకు షుగర్ లాంటిది ఉంటే దరఖాస్తులో దాచకండి. ముందే ఉన్న జబ్బులకు నిరీక్షణ కాలం, అంటే ఆ ఖర్చు బీమా ఇవ్వని కాలం, మూడేళ్ల దాకా ఉంటుంది కాబట్టి, ఆ లెక్క ఈ నెలలోనే మొదలవడం మంచిది.