అడగండి మాస్టారూ!

ప్రశ్న: అమెరికా శాస్త్రవేత్త గొడార్డ్ ఎగరేసిన తొలి ద్రవ ఇంధన రాకెట్ ఫొటోలో ఇంజిన్ పైన, ట్యాంకులు కింద ఉన్నాయి. అలా ఎందుకు పెట్టారు మాస్టారూ?
– పదో తరగతి విద్యార్థిని, సత్యనారాయణపురం, విజయవాడ

జవాబు: ఎంత బాగా గమనించావమ్మా! ఇంజిన్ పైనుంచి లాగితే రాకెట్ నిటారుగా వెళ్తుందని ఆయన అనుకున్నారు. ఆ లెక్క తప్పు. తర్వాత ఇంజిన్‌ను కిందికి మార్చారు. అయినా 1926 మార్చి 16న అమెరికాలోని ఆబర్న్‌లో, ఒక పొలంలో, పెట్రోలు, ద్రవ ఆక్సిజన్‌తో ఇంజిన్ పైనున్న ఆ రాకెట్టే ఎగిరింది. రెండున్నర సెకన్లు, 41 అడుగులు! గుంటూరులో పాఠం చెప్పేటప్పుడు మా వీధి నాలుగంతస్తుల అపార్టుమెంటు చూపించి, ‘ఇదిగో, ఇంతెత్తు’ అనేవాణ్ణి. పిల్లలు మెడలెత్తి చూసేవాళ్లు.

శూన్యంలో రాకెట్ పనిచేయదంటూ 1920లో ఒక అమెరికా పత్రిక ఆయన్ను ఎగతాళి చేసింది. మనుషుల్ని చంద్రుడి మీదికి తీసుకెళ్లిన అపోలో 11 బయల్దేరిన మర్నాడు, 1969 జూలై 17న, తప్పు దిద్దుకుంది. గొడార్డ్ 1945లోనే పోయారు. అది తలుచుకుంటే నాకిప్పటికీ బాధేనమ్మా.