ఎండాకాలంలో కోటలు చూడాలంటే ఎటు వెళ్లాలి?

ప్రశ్న: మేం అయిదుగురు స్నేహితురాళ్లం. అనంతపురంలో కలిసి చదువుకున్నాం, ఇప్పుడు బెంగళూరులో ఉద్యోగాలు చేస్తున్నాం. మే నెలలో ఒక ఆదివారం అందరికీ తీరిక కుదిరింది. యుద్ధాలు జరిగిన కోటలు చూడాలని ఇద్దరికి ఎంతో ఆసక్తి, మిగతా ముగ్గురికి ఎండ భయం. శ్రీరంగపట్నం వెళ్లి రావడం మంచిదా, లేక దగ్గరలోనే చూడదగినవి ఉన్నాయా?
– ఒక పాఠకురాలు, మారతహళ్లి, బెంగళూరు

జవాబు: శ్రీరంగపట్నం తప్పకుండా చూడవలసిన చోటే, 1799 మే 4న టిప్పు సుల్తాన్ నేలకొరిగిన కోట అది. అయితే రానూపోనూ దాదాపు 250 కిలోమీటర్ల ప్రయాణం, పైగా అక్కడ చూడవలసినవి దూరదూరంగా ఉన్నందువల్ల మిట్టమధ్యాహ్నపు ఎండలో తిరగక తప్పదు. దాన్ని చలికాలానికి అట్టిపెట్టుకుని, ఈసారికి మీ ఊరి దారినే పట్టండి. అనంతపురం బస్సు కిటికీలోంచి మీరు ఎన్నోసార్లు చూసి ఉండే నంది కొండ, విమానాశ్రయం దాటాక వచ్చే దేవనహళ్లి కోట, నగరంలో కె.ఆర్. మార్కెట్ పక్కనున్న బెంగళూరు కోట, ఈ మూడూ 1791లో టిప్పుతో జరిగిన ఒకే యుద్ధంలో ఈస్టిండియా కంపెనీ సైన్యానికి చిక్కాయి.

ఆ ఏడాది మార్చి 7న కంపెనీ గవర్నర్ జనరల్ కారన్‌వాలిస్ సైన్యం బెంగళూరు పేటను, అంటే కోట బయటి ఊరిని పట్టుకుంది. తర్వాత ఫిరంగులతో కోట గోడకు గండి కొట్టి, 21వ తేదీ రాత్రి వెన్నెల వెలుగులో లోపలికి చొరబడింది. కోటను కాపాడే అధికారి, కిల్లేదారు బహదూర్ ఖాన్ పోరాడుతూ అక్కడే ప్రాణాలు విడిచాడు. హైదరాబాదు నిజాం పంపిన గుర్రపు దళాన్ని కలుసుకోవడానికి కారన్‌వాలిస్ ఉత్తరంగా కదిలినప్పుడు దేవనహళ్లి లొంగిపోయింది. నంది కొండ మీది కోట, నంది దుర్గం మాత్రం అంత తేలికగా లొంగలేదు. ఫిరంగులను పైకి చేర్చడానికి కొండ వాలున దారి తొలుచుకోవడానికే రోజులకు రోజులు పట్టాయి. చివరికి అక్టోబరు 19న దాడి జరిగినప్పుడు, పైనున్నవారు బండరాళ్లు దొర్లించి ఎదిరించారు.

చరిత్ర బెంగళూరు నుంచి నందికి నడిచింది. మీరు మాత్రం ఎండను బట్టి నంది నుంచి బెంగళూరుకు రండి. నంది కొండ నగరానికి సుమారు 60 కిలోమీటర్ల దూరంలో, 1,478 మీటర్ల ఎత్తున ఉంది. ఆదివారం రద్దీ ఎక్కువ కనుక చీకటితోనే బయలుదేరండి. సూర్యోదయం చూసి వెనక్కి తిరగకుండా, కోట గోడ అంచున నిలబడి కిందికి చూడండి. పై నుంచి దొర్లిన రాయి ఏ వేగంతో కిందికి చేరి ఉంటుందో ఆ వాలే చెబుతుంది. తొమ్మిదిన్నరకల్లా కొండ దిగితే చాలు.

దేవనహళ్లి కోట లోపల ఇప్పటికీ జనం కాపురం ఉంటున్నారు, వేణుగోపాలస్వామి గుడి ఉంది. నాకు ఈ మూడింటిలో అన్నిటికన్నా ఇష్టమైనది ఇదే. ప్రాకారం ఎక్కి, పిట్టగోడలో తుపాకులకు విడిచిన రంధ్రాల్లో ఒక్కొక్కదానికి కన్ను ఆనించి చూడండి. కొన్ని దూరాన్ని, కొన్ని గోడ మొదలును చూపుతాయి. గోడ దగ్గరికి వచ్చినవాడు దాక్కునే చోటే ఉండకూడదని అలా కట్టారు. 1749లో ఈ కోట ముట్టడిలోనే హైదర్ అలీ మైసూరు సైన్యంలో పేరు తెచ్చుకున్నాడు. టిప్పు పుట్టిన చోటని చెప్పే చిన్న స్తంభాల మంటపం కోట బయట దగ్గరలోనే ఉంది. రాతి గోడలు పదకొండు దాటాక కాలడం మొదలవుతుంది కనుక టోపీలు, నీళ్లు మరవకండి.

భోజనం చేసి నగరానికి వచ్చేస్తే మధ్యాహ్నం నీడపట్టున గడపవచ్చు. టిప్పు వేసవి మహలు, బెంగళూరు కోటలో మిగిలిన ఢిల్లీ దర్వాజా దగ్గరదగ్గరగానే ఉన్నాయి. 1791లోనే పూర్తయిన ఆ మహలు టేకు స్తంభాల మధ్య మీ ముగ్గురు స్నేహితురాళ్లకూ హాయిగా ఉంటుంది. మే నెలలో సాయంత్రం ఉరుముల వాన పడవచ్చు కనుక నాలుగు లోపే దర్వాజా దగ్గరికి చేరండి. ఏనుగులు తోయకుండా తలుపుకు బిగించిన ఇనుప మేకులు చూశాక, కోట గోడకు అమర్చిన శిలాఫలకం వెతికి చదవండి. 1791 మార్చి 21న ఈ గండిలోంచే బ్రిటిష్ దాడి జరిగిందని మాత్రమే దాని మీద ఉంది. బహదూర్ ఖాన్ పేరు లేదు. అక్కడ నిలబడినప్పుడు ఆ పేరు మీ స్నేహితురాళ్లకు మీరే చెప్పండి.