తాగేవాడి బాధ్యతే అంటారు సరే, పట్టుకునేదెట్టా?

అడిగిన ప్రశ్న ఇది: "మందు షాపులకు ప్రభుత్వమే లైసెన్సులిస్తుంటే గంజాయి మాత్రం ఎందుకు నేరం? తాగేవాడి ఒళ్లు, తాగేవాడి బాధ్యత. తాగి బండి నడిపితే అప్పుడు పట్టుకుని శిక్షించొచ్చు కదా?"

మాది చీమకుర్తి. గ్రానైట్ బ్లాకులు తోలే ట్రైలర్లు నడిపిస్తాను. నేనూ కొన్నేళ్లు స్టీరింగ్ పట్టినవాణ్నే. క్వారీలో లోడైన బండి ఒంగోలు దగ్గర ఎన్‌హెచ్ 16 ఎక్కి కృష్ణపట్నం పోర్టుకో చెన్నైకో పోతుంది. అందుకే మీ ప్రశ్నలో ఆఖరి వాక్యం దగ్గరే ఆగిపోయాను. "అప్పుడు పట్టుకోవచ్చు" అన్నారు. పట్టుకోవడం ఎంత కష్టమో చూసినవాడిగా జవాబు రాస్తున్నాను.

మందుకైతే ఒక అంకె ఉంది. మోటారు వాహనాల చట్టం 185వ సెక్షన్ ప్రకారం 100 మిల్లీలీటర్ల రక్తంలో 30 మిల్లీగ్రాముల ఆల్కహాలు దాటితే నేరం. మొదటిసారి దొరికితే ఆరు నెలల దాకా జైలు, లేకపోతే 10,000 రూపాయల జరిమానా, లేదా రెండూ. ఊదితే మిషన్ అంకె చూపిస్తుంది, ఇక వాదన ఉండదు. అదే సెక్షన్‌లో మత్తుపదార్థాల ప్రస్తావన కూడా ఉంది గానీ అక్కడ అంకె లేదు. బండిని సరిగా అదుపు చేయలేనంత మత్తులో ఉన్నాడని తేల్చాలి. అర్ధరాత్రి టోల్‌గేటు దగ్గర నిలబడ్డ కానిస్టేబులు అది ఎట్టా తేలుస్తాడు? కళ్లు ఎర్రబడ్డాయేందిరా అంటే "రెండు రాత్రుల్నుంచి నిద్ర లేదు సార్" అంటాడు డ్రైవరు. అదీ నిజమే కావచ్చు.

మా షెడ్డులో ఊదే మిషన్ పెట్టించాను. లోడుతో బయల్దేరే ముందు ఎవరైనా సరే ఊదాల్సిందే. మందు బాగా తగ్గింది. కొన్నాళ్లకి క్లీనరు కుర్రాడొకడు పక్కకి పిలిచి చెప్పాడు, "అన్నా, కొందరు మానలా. మందు బదులు గంజాయి కొడతన్నారు. అది మిషన్‌లో పడదు గదా" అని. ఏజెన్సీ కొండల నుంచి చెన్నై వైపు పోయే గంజాయి సరుకు ఈ రోడ్డు మీదే పోతుంది, దారిలో దొరకడం వాళ్లకేం కష్టం కాదు.

దాంతో మూత్రం పరీక్ష కిట్లు తెప్పించాను. అప్పుడు అసలు చిక్కు తెలిసింది. మా దగ్గర అందరికంటే నెమ్మదస్తుడైన డ్రైవరుకి పాజిటివ్ వచ్చింది. వాళ్ల ఊరి తిరునాళ్లలో వారం కిందట తాగానని ఒప్పుకున్నాడు. "ఇప్పుడు నాకు మత్తుందా లేదా, నువ్వే చూసి చెప్పన్నా" అన్నాడు. మనిషి మామూలుగానే ఉన్నాడు. కిట్టు మాత్రం ఆ సంగతి చెప్పదు. గంజాయిలో మత్తెక్కించే టీహెచ్‌సీ కొవ్వులో కరిగే పదార్థం. దాని అవశేషాలు మూత్రంలో రోజుల తరబడి, అలవాటైనవాళ్లకి వారాల తరబడి కనిపిస్తాయి. రక్తంలో చూద్దామా అంటే, పీల్చిన కాసేపటికే అక్కడ మోతాదు గబగబా పడిపోతుంది, మత్తు మాత్రం గంటలపాటు ఉంటుంది. అంటే వారం కింద తాగినవాడు దొరుకుతాడు, రెండు గంటల కింద తాగినవాడు తప్పించుకునే వీలుంది. ఆల్కహాలుకి ఉన్నంత నేరు లెక్క దీనికి లేదు.

చట్టబద్ధం చేసిన దేశాలూ ఈ ముడి దగ్గరే తంటాలు పడ్డాయి. కెనడా 2018 అక్టోబరులో గంజాయి అమ్మకాలు అనుమతించింది. డ్రైవింగ్‌కి మిల్లీలీటరు రక్తంలో 2 నానోగ్రాముల టీహెచ్‌సీ దగ్గర ఒక గీత, 5 దగ్గర ఇంకా కఠినమైన గీత, మందుతో కలిపి తీసుకుంటే వేరే గీత పెట్టుకుంది. అమెరికాలోని కొలరాడో రాష్ట్రంలో 5. జర్మనీ 2024లో సీరంలో, అంటే కణాలు తీసేశాక మిగిలే రక్తద్రవంలో, 3.5 అంది. తలా ఒక గీత గీసుకున్నారంటేనే సంగతి అర్థమవుతుంది. వాళ్లకి రోడ్డు మీద లాలాజలం పరీక్షలున్నాయి, మత్తు లక్షణాలు గుర్తుపట్టడానికి ప్రత్యేక శిక్షణ పొందిన పోలీసులున్నారు. ఇవేవీ మన హైవేల మీద స్థిరపడకముందే షాపులు తెరుద్దామంటే నేను ఒప్పుకోలేను.

ఇక బాధ్యత సంగతి. మందు తాగినవాడు దూకుడుగా తోలతాడు. గంజాయి తాగినవాడు చాలాసార్లు నిదానంగానే పోతాడు, ఆ నిదానాన్ని చూసి తాను జాగ్రత్తగా ఉన్నానని గట్టిగా నమ్ముతాడు. "మెల్లగానే పోతన్నా గదన్నా" అన్న మాట ఎన్నిసార్లు విన్నానో. ఎదురుగా ఏమీ రానంతసేపూ అది నిజమే. ఉన్నట్టుండి ఏదైనా అడ్డం వచ్చినప్పుడు తేడా బయటపడుతుంది. గంటకు 60 కిలోమీటర్ల వేగంలో బండి సెకనుకు దాదాపు 17 మీటర్లు పోతుంది. బ్రేకు మీద కాలు ఒక్క సెకను ఆలస్యంగా పడితే అంత దూరం దాటిపోయినట్టే. వెనకాల ఇరవై టన్నుల పైన రాయి. గట్టిగా తొక్కితే గొలుసులు తెంపుకుని బ్లాకు క్యాబిన్ మీదికి వచ్చే ప్రమాదం వేరే. ఎండాకాలంలో ఉలవపాడు దగ్గర రోడ్డు పక్కనే మామిడికాయలు పెట్టుకుని కూర్చుంటారు. తెల్లవారుజామున టంగుటూరు వైపు పొగాకు గ్రేడింగ్‌కి పోయే ఆడవాళ్లతో ఆటోలు కిటకిటలాడుతుంటాయి. ఆ డ్రైవరు ఇష్టంలో వీళ్లకి ఏం భాగం ఉంది? తాను నడపగలనా లేదా అని తేల్చుకోవాల్సిన బుర్రే మత్తులో ఉన్నప్పుడు, ఆ నిర్ణయం వాడి బాధ్యతకే వదిలేయడం నాకు భయంగా ఉంటుంది.

ఈ బాధ్యత మాట అందరికంటే ఎక్కువ వాడేది మా ఓనర్లు, సరుకు కొనేవాళ్లు. యాక్సిడెంటైతే "డ్రైవరు తాగాడు" అని చేతులు దులుపుకుంటాం. 1961 నాటి మోటారు రవాణా కార్మికుల చట్టమే రోజుకు ఎనిమిది గంటల పని అంది. ఓడ బయల్దేరే టైముకి బ్లాకు పోర్టులో ఉండాలని ఒత్తిడి పెట్టేవాళ్లెవరికీ ఆ ఎనిమిది గంటలు గుర్తుండవు. మేలుకోవడానికి ఒకటి, తర్వాత పడుకోవడానికి ఇంకొకటి, అట్టా మొదలవుతుంది చాలామందికి. చెన్నై ట్రిప్పులకి ఇద్దరు డ్రైవర్లని పంపడం మొదలుపెట్టాక మా బండ్ల మీద వచ్చిన మార్పు మిషన్‌తో వచ్చిన దానికంటే ఎక్కువ. కిరాయిలో మిగిలేది తగ్గింది, తగ్గనీ.

అయితే నిషేధం ఒక్కటే చాలంటారా అని అడిగితే, దానికీ మా రెండు జిల్లాలే సాక్ష్యం. నెల్లూరు జిల్లా దూబగుంటలో 1992లో ఆడవాళ్లు సారా మీద తిరగబడ్డారు. మగవాడు తాగేది తన సొంత కూలే కావచ్చు, పస్తులుండేది మాత్రం ఇంటిల్లిపాదీ. ఆ పోరాటంతోనే 1993 అక్టోబరు నుంచి సారా, 1995లో మొత్తం మద్యం ఆగాయి. 1997కల్లా సంపూర్ణ నిషేధం ఎత్తేశారు. ఆ ఆడవాళ్లు చేసిన పని గొప్పదని ఇప్పటికీ అంటాను. కానీ 2020లో ప్రకాశం జిల్లా కురిచేడులో ఏం జరిగిందో కూడా మర్చిపోలేను. కరోనా వల్ల మందు షాపులు మూసేస్తే, అలవాటు వదలనివాళ్లు శానిటైజరు తాగారు. పదిమందికి పైగా చనిపోయారు. షాపుకి తాళం వేస్తే ఒంట్లో వ్యసనం పోదు.

కాబట్టి నేను అడిగేది వేరు. వాడేవాడిని జైలుకి పంపడం తగ్గించాలి. ఎన్‌డీపీఎస్ అనే మత్తుపదార్థాల చట్టంలో కిలో లోపు గంజాయి ఉన్నా ఏడాది దాకా కఠిన జైలు పడొచ్చు, తాగినందుకే ఆరు నెలల దాకా. ఆ భయంతోనే ఇళ్లలో విషయం దాస్తారు. పోర్చుగల్ 2001లో చేసింది ఇదే. అమ్మకాలకి అనుమతి ఇవ్వలేదు, సొంత వాడకానికి పది రోజులకు సరిపడేదాకా పట్టుబడితే కోర్టుకి బదులు, వ్యసనం మాన్పించే దారి చూసే ఒక కమిషన్ ముందుకు పంపుతారు. పోర్చుగల్ గంజాయిని చట్టబద్ధం చేసిందని మన దగ్గర చాలామంది చెప్పేది తప్పు. అదే సమయంలో స్టీరింగ్ దగ్గర మాత్రం ఏ సడలింపూ వద్దు. మందైనా, గంజాయైనా, మత్తు మాత్రలైనా లైసెన్సు పోవాలి. బండి పంపిన ఓనరు కూడా జవాబు చెప్పాలి.

ఇది చదివేవాళ్లలో డ్రైవర్ల ఇంటివాళ్లు ఉంటే ఒక మాట. వ్యసనంలో పడ్డవాడు తనంతట తాను చికిత్సకి వస్తే, చిన్న మోతాదు కేసుల్లో ప్రాసిక్యూషన్ నుంచి రక్షణ ఇచ్చే 64ఎ అనే సెక్షన్ ఆ మత్తుపదార్థాల చట్టంలోనే ఉంది. ఈ సంగతి మా షెడ్డులో ఎవరికీ తెలియదు, ఒక వకీలు చెబితే నాకు తెలిసింది. వ్యసనం మాన్పించే సలహాకి 14446కి ఫోన్ చేయొచ్చు. మా క్లీనరు కుర్రాడి అన్నని వాళ్లమ్మ అట్టాగే ఆసుపత్రికి తీసుకుపోయింది. అతను ఇప్పుడు మా షెడ్డులోనే పని చేస్తున్నాడు. డాక్టరు సరేననేదాకా బండి తాళం ఇవ్వనని చెప్పాను, అతనూ సరేనన్నాడు.