సంతకం ఇంట్లో, ముద్ర నోటరీ దగ్గరా?

ప్రశ్న: పేరు మార్పు అఫిడవిట్‌పై నా సంతకం, సాక్షుల సంతకాలు ఇంట్లోనే పూర్తిచేసి, నోటరీ ముద్ర కోసం తమ్ముడితో పంపవచ్చా?
– ఒక పాఠకురాలు, గాజువాక, విశాఖపట్నం

జవాబు: పంపకూడదండి. అది ప్రమాణపత్రం కనుక, మీరే గుర్తింపు కార్డుతో నోటరీ ఎదుట హాజరై, అందులోని విషయాలు నిజమని ప్రమాణం చేసి, అక్కడే ప్రతి పేజీ కిందా సంతకం చేయాలి. మనిషిని చూడకుండానే ముద్ర వేసేవారూ లేకపోలేదు గానీ, అలాంటి పత్రం తర్వాత ప్రశ్నకు నిలవదు. కొట్టివేతలుంటే పక్కన పొడి సంతకం చేసి, నోటరీ చేతా చేయించండి. అఫిడవిట్‌కు సాక్షులు సాధారణంగా తప్పనిసరి కాదు. అయితే కేంద్ర గెజిట్‌లో ప్రకటనకు పంపే పత్రంలో ఇద్దరు సాక్షుల పేర్లు, చిరునామాలు, సంతకాలు ఉండాలి. మీరు సంతకం చేయడం కళ్లారా చూశాకే వారు చేయాలి.