ఏ ఫైల్‌సిస్టమ్‌కు స్నాప్‌షాట్ వద్దో ముందే తేల్చుకో

హైదరాబాద్

చిరంజీవి మేనల్లుడికి ఆశీస్సులు.

ఛత్తా బజార్‌లోని శుభలేఖల ప్రెస్సులో నువ్వు నిలబెట్టిన సర్వర్ గురించి రాసిన ఉత్తరం, దానితోపాటు పంపిన ఫైల్‌సిస్టమ్‌ల జాబితా అందాయి. డిస్కులన్నిటినీ ఒక పూల్‌గా కలిపి, అందులో ఫైళ్లకు ఫైల్‌సిస్టమ్‌లనే వేరువేరు అరలు కట్టుకోనిచ్చే జెడ్‌ఎఫ్‌ఎస్‌ను ఎంచుకోవడం మంచి పని. అయితే పూల్ మొత్తానికీ ఆటోమేటిక్ స్నాప్‌షాట్లు, అంటే ఆ క్షణాన ఫైళ్లు ఎలా ఉన్నాయో అలాగే నిలిపి ఉంచే నకళ్లు, వదిలేసి, ఇక బెంగ లేదని రాశావు చూడు, నాకు బెంగ పట్టుకున్నది అక్కడే.

చాలా ఏళ్ల క్రితం నేనొక ఆఫీసులో సర్వర్లు చూసుకునేవాణ్ణి. ఒక రాత్రి డిస్కు నిండిపోయిందని ఫోన్ వస్తే, పరుగున వెళ్లి తాత్కాలిక ఫైళ్ల డైరెక్టరీలో ఉన్నదంతా తుడిచేశాను. తుడిచాక ఖాళీ ఎంత వచ్చిందని చూస్తే ఒక్క మెగాబైటు కూడా పెరగలేదు. మరో డైరెక్టరీ తుడిచాను, అదే అంకె. "జెడ్‌ఎఫ్‌ఎస్ లిస్ట్ -ఓ స్పేస్" అని కొట్టి, స్నాప్‌షాట్లు పట్టి ఉంచిన చోటును చూపే "యూజ్డ్‌స్నాప్" వరుస చదివాక గానీ విషయం తలకెక్కలేదు. నేను తుడిచిన ప్రతి ఫైలునూ పాత స్నాప్‌షాట్లు భద్రంగా దాచిపెట్టుకుని ఉన్నాయి. ఆ తప్పు పూర్తిగా నాదే, ఎందుకంటే ఆ చెత్త డైరెక్టరీని స్నాప్‌షాట్ల నుంచి మినహాయించాలన్న ఆలోచనే నాకు రాలేదు.

జెడ్‌ఎఫ్‌ఎస్ పాత బ్లాకు మీద కొత్తది రాయదు, కొత్తచోట రాస్తుంది. అందుకే స్నాప్‌షాట్ తీయడం క్షణంలో అయిపోతుంది, తీసిన వెంటనే చోటు కూడా దాదాపు ఏమీ పట్టదు. ఆ తర్వాత మారినవీ తుడిచినవీ అన్నీ దాని లెక్కలోకి చేరుతూ పోతాయి. కాబట్టి రోజూ పుట్టి రోజూ పోయే ఫైళ్లు ఎక్కడుంటే అక్కడ స్నాప్‌షాట్ ఖర్చు పెరుగుతుంది. మీ ప్రెస్సులో ప్లేట్ల కోసం, డిజైన్‌ను అచ్చుకు తగ్గ చుక్కల బొమ్మగా మార్చే రిప్ సాఫ్ట్‌వేర్ తయారుచేసే పెద్ద పెద్ద ఫైళ్లు సరిగ్గా ఆ కోవలోవే. శుభలేఖ డిజైన్ ఉన్నంతకాలం వాటిని మళ్లీ ఎప్పుడైనా తయారుచేసుకోవచ్చు, కానీ డిజైన్ పోతే ముహూర్తం ముంచుకొస్తున్న పెళ్లివారికి నువ్వు సమాధానం చెప్పలేవు.

మినహాయింపు చెప్పే పద్ధతి చిన్నదే. జెడ్‌ఎఫ్‌ఎస్‌ను మొదట తయారుచేసిన సన్ మైక్రోసిస్టమ్స్ కాలం నుంచి వస్తున్న "కామ్.సన్:ఆటో-స్నాప్‌షాట్" అనే ప్రాపర్టీకి ఆ ఫైల్‌సిస్టమ్ మీద "ఫాల్స్" అని "జెడ్‌ఎఫ్‌ఎస్ సెట్" ఆజ్ఞతో రాస్తే సరిపోతుంది. పైన రాసింది కింద ఉన్నవాటన్నిటికీ వారసత్వంగా వస్తుంది, కింద విడిగా రాస్తే అక్కడ అదే చెల్లుతుంది, విడిగా రాసినది తీసేయాలంటే "జెడ్‌ఎఫ్‌ఎస్ ఇన్హెరిట్" ఉంది. ఇక్కడ ఒక సంగతి గుర్తుంచుకో. ఈ ప్రాపర్టీ జెడ్‌ఎఫ్‌ఎస్‌కు ఒట్టి చీటీ మాత్రమే, దాన్ని చదివి నడుచుకునేది స్నాప్‌షాట్లు తీసే స్క్రిప్టు. కింద ఉన్నవాటన్నిటికీ కలిపి తీసే "జెడ్‌ఎఫ్‌ఎస్ స్నాప్‌షాట్ -ఆర్" నువ్వు చేత్తో కొడితే ఆ చీటీని ఎవరూ చూడరు. రేపు శానాయిడ్ లాంటి వేరే సాధనానికి మారినా అది తన సొంత సెట్టింగుల ఫైలునే చూస్తుంది.

లినక్స్‌లో నువ్వు వాడుతున్న "జెడ్‌ఎఫ్‌ఎస్-ఆటో-స్నాప్‌షాట్" స్క్రిప్టు చీటీ లేని ఫైల్‌సిస్టమ్‌ను "తీసుకో" అనే అర్థంలోనే చూస్తుంది. దాన్ని "డిఫాల్ట్-ఎక్స్‌క్లూడ్" ఆప్షన్‌తో తిరగేయవచ్చు గానీ, అంతకంటే నాకు నచ్చిన పద్ధతి వేరు. పూల్ పైన "ఫాల్స్" రాసి, కావలసినవాటి మీద మాత్రం "ట్రూ" అని పేరుపేరునా రాయి. అప్పుడు ఆరు నెలల తర్వాత ఎవరో పూల్ కింద నేరుగా కొత్త ఫైల్‌సిస్టమ్ సృష్టించినా అది చెప్పకుండా స్నాప్‌షాట్లలోకి దూరదు. దీనికి ఎదురువాదం ఉంది, కొత్తగా సృష్టించిన ముఖ్యమైనది బయటే ఉండిపోవచ్చు కదా అని. ఒక్కడివే చూసుకునే చిన్న ప్రెస్సులో ఆ ప్రమాదం తక్కువని నా లెక్క. నలుగురు కలిసి చూసే చోటైతే నేనూ పైన "ట్రూ" అనే రాస్తాను.

కాలవ్యవధిని బట్టి కూడా వేరు చేయవచ్చు. మామూలు అమరికలో పావుగంట స్నాప్‌షాట్లు 4, గంటవి 24, రోజువి 31, వారంవి 8, నెలవి 12 నిలుస్తాయి. ప్రాపర్టీ పేరు చివర కోలన్ పెట్టి పావుగంటవాటికి "ఫ్రీక్వెంట్" అనో, నెలవాటికి "మంత్లీ" అనో చేర్చి "ఫాల్స్" రాస్తే ఆ ఒక్క వ్యవధి ఆగుతుంది. ప్రధాన ప్రాపర్టీ "ఫాల్స్"గా ఉంటే మాత్రం, కింద "డైలీ"కి "ట్రూ" రాసినా ఈ స్క్రిప్టు దాన్ని పట్టించుకోదు. అందుకని ముందు ప్రధానమైనది "ట్రూ" చేసి, వద్దన్న వ్యవధులను ఒక్కొక్కటిగా తీసేయి.

అసలు చిక్కు వేరే ఉంది. స్నాప్‌షాట్‌కు హద్దు ఫైల్‌సిస్టమే గాని డైరెక్టరీ కాదు. నీ జాబితాలో రిప్ ఫైళ్లు డిజైన్ల ఫైల్‌సిస్టమ్‌లోనే ఒక మామూలు డైరెక్టరీగా ఉన్నాయి. దాన్ని ఒక్కదాన్నే మినహాయించే ప్రాపర్టీ ఎక్కడా లేదు, విడదీసి తీరాలి. పాత డైరెక్టరీకి పేరు మార్చి, ఆ పేరుతోనే కొత్త ఫైల్‌సిస్టమ్ సృష్టించి, "ఫాల్స్" రాసి, ఆ తర్వాతే ఫైళ్లు కాపీ చెయ్యి. పేరు మార్చకుండా సృష్టిస్తే కొత్తది పాతదాని మీద మౌంట్ కాకపోవచ్చు, అంటే ఆ చోట తగులుకోకపోవచ్చు, ఒకవేళ తగులుకుంటే పాత డైరెక్టరీలోని ఫైళ్లు దాని చాటున కనబడకుండా పోతాయి. ఒక ఫైల్‌సిస్టమ్ నుంచి మరోదానికి తరలింపు అంటే నిజంగా కాపీయే కాబట్టి సమయం పడుతుంది, పాత స్నాప్‌షాట్లు ఉన్నంతకాలం ఆ చోటు రెండింతలుగా పోతుంది. నెలవారీవి 12 నిలుస్తాయన్నాను కదా, ఇవాళ విడదీసిన చెత్త ఏడాదిదాకా పాత ఫైల్‌సిస్టమ్‌ను వదలకపోవచ్చు. అందుకే పెళ్లిళ్ల ముహూర్తాలు మొదలుకాకముందే ఈ పని ముగించు. పార్క్‌లేన్‌లోని చెనాయ్ ట్రేడ్ సెంటర్‌కు వెళ్లి ఇంకో డిస్కు తెచ్చుకోవడం తేలికే, కాని దానివల్ల ఈ ముడి విడదు.

మెమరీ చాలనప్పుడు వాడుకునే స్వాప్ కోసం నువ్వు పెట్టిన వాల్యూమ్‌కు కూడా "ఫాల్స్" తప్పనిసరి. బ్యాకప్ యంత్రంలోనైతే ఈ స్క్రిప్టునే తీసెయ్యి, ఎందుకంటే అక్కడ అది సొంతంగా స్నాప్‌షాట్లు తీసి, పాతవాటిని తుడవడం మొదలుపెడితే తర్వాతి ఇంక్రిమెంటల్ రిసీవ్, అంటే మారినవాటిని మాత్రమే అందుకునే పని, మొండికేసే అవకాశం ఉంది.

అన్నీ అయ్యాక "జెడ్‌ఎఫ్‌ఎస్ గెట్ -ఆర్" కొట్టి విలువతోపాటు "సోర్స్" వరుస కూడా చదువు. "లోకల్" అంటే నువ్వు రాసింది, "ఇన్హెరిటెడ్" అంటే పైనుంచి దిగింది, ఒట్టి గీత ఉంటే అక్కడ చీటీ లేదని. "ఫాల్స్" రాసినంత మాత్రాన పాత స్నాప్‌షాట్లు పోవు, స్క్రిప్టు ఇక ఆ ఫైల్‌సిస్టమ్ వైపు చూడదు కనుక వాటిని తుడిచే పని కూడా మానేస్తుంది. వాటిని నువ్వే చేత్తో తీయాలి. మొదటి పేరుకూ చివరి పేరుకూ మధ్య శాతం గుర్తు పెట్టి "జెడ్‌ఎఫ్‌ఎస్ డిస్ట్రాయ్ -ఎన్‌వీ" కొడితే ఏవి పోతాయో, ఎంత చోటు వస్తుందో తుడవకుండానే చెబుతుంది. ఆ జాబితాను నాకు పంపించు, నేను చూసి ఫోన్ చేసేదాకా, తుడవకుండా ఆపుతున్న ఆ "ఎన్" తీయకు.

ఇట్లు,
మీ మేనమామ