యాంటీవైరస్‌కి పెట్టే డబ్బుతో హార్డ్ డిస్క్ కొనుక్కోండి

"ఇంట్లో కంప్యూటర్‌కి వైరస్‌లు రాకుండా ఏ యాంటీవైరస్ కొనాలి, విండోస్‌తో పాటు వచ్చేది సరిపోతుందా?" అని అడిగారు. సరిపోతుంది. విండోస్ 8 నుంచి డిఫెండర్ అనే యాంటీవైరస్ విండోస్‌లోనే ఉంటోంది, ఇప్పుడు అది బాగానే పనిచేస్తోంది, ఇంటి వాడకానికి దాని మీద ఇంకోటి కొనక్కర్లేదని నా గట్టి అభిప్రాయం. కొనమని చెప్పేవాళ్లలో సగం మంది అమ్మేవాళ్లే. మీ ప్రశ్నకి జవాబు ఇంతటితో అయిపోయింది గానీ, డబ్బు కట్టి కొన్న యాంటీవైరస్ ఉన్న కంప్యూటరే నా కళ్ల ముందు ఒక పూటలో నాశనమైంది కాబట్టి ఆ సంగతి కూడా వినండి.

మా అక్కావాళ్లది తెనాలి. బావ ఇంట్లోనే ముందు గదిలో డీటీపీ చేస్తాడు. శుభలేఖలు, ఓణీల ఫంక్షన్ కార్డులు, పెద్దకర్మ కార్డులు, ఎలక్షన్లొస్తే కరపత్రాలు, మిగతా రోజుల్లో బిల్లు బుక్కులు. పేజ్‌మేకర్, అను స్క్రిప్ట్ మేనేజర్, ఫోటోషాప్, ఈ మూడింటి మీదే ఇల్లు గడుస్తుంది. అదే కంప్యూటర్లో మా మేనల్లుడి ఆన్‌లైన్ క్లాసులు, అక్క పెళ్లి ఫోటోలు, ఇంటి కాగితాల స్కానింగులు, అన్నీ. 2020 చివర్లో నేను వర్క్ ఫ్రమ్ హోమ్ అని హైదరాబాద్ నుంచి వచ్చి అక్కడే ఉన్నాను. లాక్‌డౌన్‌లో ఆగిపోయిన పెళ్లిళ్లన్నీ కార్తీక మాసంలో ఒక్కసారిగా మీద పడ్డాయి, బావకి తిండి తినే తీరిక లేదు.

ఎవరో పెళ్లివాళ్లు కార్డుతో పాటు ఫోటో ఆల్బమ్ కూడా డిజైన్ చేసిపెట్టమన్నారు. ఆల్బమ్ డిజైనింగ్‌కి ఒక సాఫ్ట్‌వేర్ ఉందని, దాని ఫుల్ వెర్షన్ ఫ్రీగా దొరుకుతుందని ఇంకో డీటీపీ ఆయన లింకు పంపాడు. జిప్ ఫైల్, దానికో పాస్‌వర్డ్, లోపల ఒక నోట్‌ప్యాడ్ ఫైల్. అందులో ఏం రాసుందంటే, ఇన్‌స్టాల్ చేసే ముందు యాంటీవైరస్ ఆపేయండి, లేకపోతే క్రాక్, అంటే డబ్బు కట్టకుండా సాఫ్ట్‌వేర్‌ని నడిపించే దొంగ ప్రోగ్రాం, పనిచేయదు అని. బావ ఆపేశాడు. కంప్యూటర్‌తో పాటు షాపువాడు అంటగట్టిన యాంటీవైరస్, ఏటా రెన్యువల్ చేయిస్తున్నది, దాన్ని బావే తన చేత్తో ఆపేశాడు. ఆ జిప్‌కి పాస్‌వర్డ్ ఎందుకు పెడతారో ఆలోచించండి. తాళం వేసిన జిప్ లోపల ఏముందో యాంటీవైరస్‌కి కనపడదు. మీరు పాస్‌వర్డ్ కొట్టి బయటికి తీసేదాకా దానికేం తెలియదు, తీసే టైముకి మీరే దాన్ని పక్కకి నెట్టేసి ఉంటారు. ఎంత తెలివైన ఏర్పాటో.

కాసేపటికి స్క్రీన్ మీద విండోస్ అప్‌డేట్ అవుతున్నట్టు ఒక చిన్న విండో వచ్చింది. బావ అది నిజం అప్‌డేటే అనుకుని టీ తాగడానికి లేచాడు. ఆ విండో దొంగది. లోపల జరుగుతున్న పని కనపడకుండా అడ్డం పెట్టిన తెర. తిరిగొచ్చేసరికి డెస్క్‌టాప్ మీద ఐకాన్లన్నీ తెల్లకాగితాల్లా మారిపోయి ఉన్నాయి. పేజ్‌మేకర్ ఫైల్ పేరు చివర పీఎండీ అని ఉండాల్సిన చోట దాని వెనక ఇంకో నాలుగు పిచ్చి అక్షరాలు. ప్రతి ఫోల్డర్‌లోనూ రీడ్‌మీ అని ఒక టెక్స్ట్ ఫైల్. "రేయ్ బామ్మర్దీ, ఒకసారి ఇటు రా" అన్న పిలుపులోనే ఏదో తేడా ఉందని అర్థమైంది నాకు. మీటింగ్ మధ్యలో వదిలేసి వెళ్లాను.

ఆ రీడ్‌మీలో ఉన్నది ఇంతే. మీ ఫైళ్లన్నీ తాళం వేశాం, తాళంచెవి కావాలంటే 980 డాలర్లు, 72 గంటల్లోపు మెయిల్ చేస్తే సగం డిస్కౌంట్, 490 డాలర్లు. ఆషాఢం సేల్‌లాగా డిస్కౌంట్ ఒకటి. అప్పటి లెక్కలో సగం ధర అంటేనే 36 వేల రూపాయల దాకా. నమ్మకం కోసం ఒక ఫైల్ ఉచితంగా విప్పి చూపిస్తారట. బావ ఒకటే మాట, "ఎల్లుండి ప్రెస్‌కి పంపాల్సిన కార్డులు ఎనిమిదున్నాయిరా."

ఇలా ఫైళ్లకి తాళం వేసి డబ్బడిగే వైరస్‌లని ర్యాన్సమ్‌వేర్ అంటారు. దీని పేరు స్టాప్, డీజేవీయూ అని కూడా అంటారు. పెద్ద కంపెనీల జోలికి పోయే రకం కాదు, ఇళ్లల్లో క్రాక్‌లు డౌన్‌లోడ్ చేసుకునే మనలాంటి వాళ్ల కోసమే తయారైంది. చాలాసార్లు బ్రౌజర్‌లో దాచుకున్న పాస్‌వర్డ్‌లు ఎత్తుకుపోయే ఇంకో ప్రోగ్రాంని కూడా వెంట తెస్తుంది. పైగా దీని గురించి సాయం దొరికే సైట్లు ఆ కంప్యూటర్‌లో తెరుచుకోకుండా చేస్తుంది. మేం ఎంత కొట్టినా పేజీ రాదు, నా ఫోన్‌లో మాత్రం వస్తోంది. ముందు నెట్ వైరు పీకేశాను, బావ జీమెయిల్, బ్యాంకు పాస్‌వర్డ్‌లు నా ఫోన్ నుంచే మార్పించాను. ఈ పని చాలామంది మర్చిపోతారు, ఫైళ్ల గోలలో పడి.

తర్వాత దీనికి విరుగుడు ఉందా అని వెతికాం. ఎమ్సీసాఫ్ట్ అనే కంపెనీ 2019 అక్టోబర్‌లో దీనికి ఉచితంగా ఒక డిక్రిప్టర్, అంటే తాళం విప్పే ప్రోగ్రాం, విడుదల చేసింది. కానీ అందులో ఒక మెలిక ఉంది. వైరస్ పనిచేసే సమయానికి నెట్ లేక దొంగల సర్వర్‌ని అందుకోలేకపోతే, తనలో ఉన్న ఒకే తాళంచెవిని అందరికీ వాడుతుంది, అలాంటప్పుడు ఎవరైనా ఆ చెవి బయటపెడితే మిగతావాళ్ల ఫైళ్లు కూడా విప్పుకోవచ్చు. సర్వర్ దొరికితే మాత్రం ఎవరి చెవి వారిది. రీడ్‌మీలో ఇచ్చిన ఐడీ చివర టీ1 అని ఉంటే మొదటి రకం, అంటే ఆశ ఉన్నట్టు. బావ ఐడీ చివర అది లేదు. ఫైబర్ కనెక్షన్ పెట్టించి నెల కూడా కాలేదు, నెట్ ఆగకుండా వస్తోందని మురిసిపోతున్నాడు పాపం.

ఈలోపు కంప్యూటర్ షాపు కుర్రాణ్ణి కూడా పిలిచాడు బావ, నేను వద్దంటున్నా వినకుండా. ఆ అబ్బాయి చూసి రెండో మాట లేకుండా "ఫార్మాట్ కొట్టేద్దాం అన్నా" అన్నాడు. అసలు మన ఊళ్లలో ఈ జబ్బేమిటో నాకు అర్థం కాదు. ప్రింటర్ రాకపోయినా ఫార్మాట్, సౌండ్ రాకపోయినా ఫార్మాట్. కొట్టాక దొంగ విండోస్ వేస్తారు, దాన్ని యాక్టివేట్ చేయడానికి ఎక్కడిదో ఒక యాక్టివేటర్ నడుపుతారు, అది నడవాలంటే డిఫెండర్ ఆపాలి, తిరిగి ఆన్ చేయాలన్న ధ్యాస ఉండదు, పైగా ఆ కంప్యూటర్‌కే ఏడాది యాంటీవైరస్ అమ్ముతారు. దొడ్డి తలుపు తెరిచిపెట్టి వీధి తలుపుకి తాళం అమ్మినట్టుంటుంది వీళ్ల వ్యాపారం. ఆ రోజు కుర్రాడి చేతిలోంచి పెన్‌డ్రైవ్ లాక్కున్నంత పని చేశాను. తాళం పడిన ఫైళ్లు పారేయకూడదు, రేపెప్పుడైనా చెవి దొరకొచ్చు. వాటన్నిటినీ వేరే డిస్క్‌లోకి ఎత్తి పక్కన పెట్టాకే విండోస్ కొత్తగా వేశాం. ఆ డిస్క్ ఇప్పటికీ బీరువాలో ఉంది.

మరి పని ఎలా గట్టెక్కింది? బావకి బ్యాకప్ లేక కాదు, ఉంది. ఎక్స్‌టర్నల్ హార్డ్ డిస్క్ ఒకటి, కంప్యూటర్‌కి ఎప్పుడూ గుచ్చే ఉండేది. గుచ్చి ఉన్నవాటన్నిటికీ తాళం పడుతుంది, దానికీ పడింది. పని బతికించింది ఆఫ్‌సెట్ ప్రెస్ ఆయన. బావ పెన్‌డ్రైవ్‌లో పట్టుకెళ్లి ఇచ్చిన ఫైళ్లేవీ ఆయన డిలీట్ చేయడు, బద్ధకంతో. ఆయన కంప్యూటర్‌లో నాలుగేళ్ల శుభలేఖలు పీఎండీ ఫైళ్లతో సహా దొరికాయి. చేతిలో ఉన్న ఎనిమిది కార్డులకి పెళ్లివాళ్లకి ప్రూఫ్ కోసం వాట్సాప్‌లో పంపిన పీడీఎఫ్‌లు ఉన్నాయి, వాటిని చూసి మ్యాటర్ మళ్లీ కొట్టాడు, అక్క పక్కన కూర్చుని చదివింది, రెండు రాత్రులు. పెద్ద పెద్ద వీడియో ఫైళ్లు కొన్ని కూడా బయటపడ్డాయి, ఎందుకంటే ఈ వైరస్ తొందర కోసం ప్రతి ఫైల్‌లోనూ మొదటి 150 కేబీ మాత్రమే పాడుచేస్తుంది. పెళ్లి వీడియో తిరిగొచ్చింది గానీ ఫోటోలు రాలేదు. చిన్న ఫైళ్లు కదా, ఆ 150 కేబీలోనే ప్రాణం ఉంటుంది.

డబ్బు కట్టలేదు. కడితే చెవి ఇస్తారన్న గ్యారంటీ లేదు, ఇచ్చినా ఆ డబ్బు ఇంకొకరి ఇంటి మీదకే వెళ్తుంది.

ఇప్పుడు చెప్పండి, ఇందులో ఏ యాంటీవైరస్ మంచిదన్న ప్రశ్నకి చోటెక్కడుంది? ఒకప్పుడు పెన్‌డ్రైవ్ గుచ్చగానే ఆటోరన్‌తో దానంతటదే ఎక్కేసే వైరస్‌లుండేవి, ఫోల్డర్లన్నీ షార్ట్‌కట్లుగా మారిపోయేవి, ప్రతి జిరాక్స్ షాపు పెన్‌డ్రైవ్‌లోనూ అదే. ఆటోరన్ దారిని మైక్రోసాఫ్ట్ 2011లోనే పాత విండోస్‌లకి కూడా మూసేసింది. ఇప్పుడు ఇంటి కంప్యూటర్‌కి వచ్చే వైరస్‌లలో ఎక్కువ భాగం మనం పిలిస్తే వచ్చేవే అని నేను కచ్చితంగా చెప్తాను. గేమ్‌ని మార్చే మాడ్ అని పిల్లలు పిలుస్తారు, క్రాక్ అని పెద్దలు పిలుస్తారు. సినిమా డౌన్‌లోడ్ అని ఒక సైట్ తెరిస్తే డౌన్‌లోడ్ బటన్లు ఆరుంటాయి, అందులో అసలుది ఏదో కనిపెట్టడం మహానుభావులకి కూడా సాధ్యం కాదు. అందుకే యాడ్ బ్లాకర్ ఒకటి బ్రౌజర్‌లో వేయండి, యూబ్లాక్ ఆరిజిన్ లాంటిది, క్రోమ్‌లో అయితే దాని లైట్ వెర్షన్. సగం పీడ అక్కడే పోతుంది.

ఇంకో గోల, స్క్రీన్ కింద మూలన "మీ కంప్యూటర్‌లో అయిదు వైరస్‌లు ఉన్నాయి" అని టింగు టింగుమంటూ వస్తుంటాయే, అవి చూసి నాకు ఫోన్ చేసే పెద్దమ్మలూ బాబాయిలూ ఎందరో. సాఫ్ట్‌వేర్ ఉద్యోగం అంటే కంప్యూటర్ రిపేరు అని మన చుట్టాల నమ్మకం. అవి వైరస్‌లు కావు. ఎప్పుడో ఏదో సైట్ నోటిఫికేషన్లు పంపనా అంటే అలో కొట్టారు, అంతే. బ్రౌజర్ సెట్టింగ్స్‌లో నోటిఫికేషన్లలోకి వెళ్లి ఆ సైట్లని తీసేస్తే ఊరుకుంటాయి. అందులో ఉన్న నంబరుకి మాత్రం ఫోన్ చేయకండి.

విండోస్‌లో నేను ప్రతి ఇంట్లోనూ వెంటనే మార్చేది ఒకటుంది. ఫైల్ పేరు చివరి అక్షరాలు విండోస్ మామూలుగా దాచేస్తుంది, వాటిని చూపించేలా పెడతాను. లేకపోతే బిల్లు డాట్ పీడీఎఫ్ డాట్ ఈఎక్స్‌ఈ అన్న ఫైల్ మీకు పీడీఎఫ్‌లా కనపడుతుంది. 2000 మే నెలలో ప్రపంచమంతా తిరిగిన ఐ లవ్ యూ వైరస్ ఆడింది ఈ ఆటే, ప్రేమలేఖ టెక్స్ట్ ఫైల్‌లా కనపడింది, వెనక దాక్కున్నది ప్రోగ్రాం. ఇన్నేళ్లయినా ఆ సెట్టింగ్ అలాగే ఎందుకుంచారో మైక్రోసాఫ్ట్ వాళ్లకే తెలియాలి. అలాగే డిఫెండర్‌లో ర్యాన్సమ్‌వేర్ ప్రొటెక్షన్ అని ఒకటుంది, కంట్రోల్డ్ ఫోల్డర్ యాక్సెస్ అంటారు, మామూలుగా ఆఫ్‌లో ఉంటుంది. ఆన్ చేస్తే తెలియని ప్రోగ్రాంలు మీ డాక్యుమెంట్లు, ఫోటోల ఫోల్డర్లని ముట్టుకోలేవు. కాస్త చాదస్తం ఎక్కువ, బావ పేజ్‌మేకర్‌ని కూడా సేవ్ చేయనివ్వలేదు, దాన్ని అనుమతించిన జాబితాలో చేర్చాల్సొచ్చింది. ఒకటి గుర్తుంచుకోండి, వేరే యాంటీవైరస్ వేస్తే డిఫెండర్ పక్కకి తప్పుకుంటుంది, ఈ సౌకర్యం కూడా దాంతోనే పోతుంది.

అప్‌డేట్లు ఆపేయకండి. 2017 మేలో వన్నాక్రై వచ్చినప్పుడు మన ఆంధ్రా పోలీసుల కంప్యూటర్లు కూడా దెబ్బతిన్నాయి. దానికి మందు మైక్రోసాఫ్ట్ మార్చిలోనే ఇచ్చింది, రెండు నెలల ముందే. లైనక్స్ వేసుకోమని సలహా ఇచ్చేవాళ్లు కూడా తగులుతారు, పేజ్‌మేకర్, అను ఫాంట్ల మీద బతికేవాళ్లకి ఆ మాట చెప్పి చూడమనండి.

నా లెక్క ప్రకారం యాంటీవైరస్‌కి ఏటా కట్టే డబ్బు రెండు మూడేళ్లు కలిపితే ఒక ఎక్స్‌టర్నల్ హార్డ్ డిస్క్ వస్తుంది. వారానికోసారి గుచ్చి, కాపీ చేసి, పీకేసి బీరువాలో పెట్టండి. పీకడం ముఖ్యం. బావ ఇప్పుడు శనివారం సాయంత్రం చేస్తాడు, మర్చిపోతే అక్క గుర్తుచేస్తుంది. ఫోటోలకి అది కాక గూగుల్ డ్రైవ్‌లోనో ఎక్కడో ఇంకో కాపీ ఉంటే మరీ మంచిది.

ఇప్పటికే తాళం పడి ఉంటే నెట్ తీసేసి, ఫార్మాట్ కొట్టకుండా, నో మోర్ ర్యాన్సమ్ అనే సైట్‌లో మీ రకానికి విరుగుడు ఉందేమో చూడండి, యూరప్ పోలీసు సంస్థ యూరోపోల్ ఇంకొందరితో కలిసి నడిపేది, ఉచితం. బ్యాంకులోంచి డబ్బు కూడా పోయుంటే ఆలస్యం చేయకుండా సైబర్ నేరాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయండి. మీది ఇంకా విండోస్ 10 అయితే మాత్రం దానికి మామూలు సపోర్ట్ 2025 అక్టోబర్ 14తో ఆగిపోయింది, ఎక్స్‌టెండెడ్ అప్‌డేట్లకి నమోదు చేసుకున్నారో లేదో ముందు అది చూసుకుని, తర్వాత యాంటీవైరస్ గురించి అడగండి.